తుర్కీ గుడ్డలో నీలం ఆకు

సువార్త మా ఫ్లాట్‌కి వచ్చిన రోజు నేను ఆమెను కూర్చోమనలేదు. గొప్పకోసం చెప్పడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తలుపు సగం తీసి, ఏం పని మీద వచ్చావని అడిగాను. మస్కట్ పక్కన అమెరాత్‌లో మా వీధిలో రెండు భవనాలు లేస్తున్నాయి. తలుపు తీస్తే చాలు, సిమెంటు దుమ్ము హాల్లోకి వస్తుంది. ఆమె డ్యూటీ బట్టల్లోనే ఉంది. చేతిలో హైపర్‌మార్కెట్ సంచి. ఇబ్రి ఊళ్లో చాలా ఏళ్లు నర్సుగా చేసి ఈ మధ్యనే మస్కట్‌కి మారింది. మా తెలుగు ఆరాధనకు వస్తోంది. నేను ఆమెతో మాట్లాడింది తక్కువ. ఆమె తల్లి శాంతమ్మ ఒకప్పుడు మా ఇంట్లో కుట్టుపని చేసి, దొంగ అన్న పేరుతో బయటికి వెళ్లిన మనిషి.

"అమ్మ పోయింది మేడమ్. నెల దాటింది" అంది.

"విన్నాను. దేవుడు ఆదరిస్తాడు."

"తమ్ముడు పెట్టె తెరిస్తే ఇది ఉంది. మీకు చూపించమని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఇమ్మనలేదు. చూపించమంది."

సంచి నోరు తెరిచి పట్టుకుంది. పాత తెల్లగుడ్డ, మడత అంచున ఎర్రటి పువ్వు, దాని పక్కన జరీ. మడత విప్పక్కర్లేకుండానే గుర్తుపట్టాను. యాభై ఏళ్లుగా మా ఇంటి నుంచి పోయిందని మేము చెప్పుకుంటున్న వస్తువు, దొంగిలించిన మనిషి కూతురి చేతిలో, నా గుమ్మం ముందు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దానికి మూడు వారాల ముందు మా స్త్రీల సమాజంలో, ప్రభువు బల్ల గిన్నెలు, బల్ల గుడ్డలు ఉండే బీరువా తాళం ఎవరికి అప్పగించాలన్న మాట వచ్చింది. అందరూ సువార్త పేరు చెప్పారు. నేను లేచి, "ఆ ఇంటివాళ్లకు తాళం ఇచ్చి మేము ఒకసారి చూశాం" అన్నాను. అంతే అన్నాను. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. తాళం వేరే ఆవిడకు వెళ్లింది. ఆ రోజు నుంచి సువార్త పక్క కుర్చీ ఖాళీగా ఉండడం నేను చూస్తూనే ఉన్నాను. కాబట్టి ఆమె ఈ సంచితో రావడం వెనక ఏదో ఉందనిపించింది. క్షమాపణకా, బేరానికా, నన్ను మంచి చేసుకోవడానికా? ఉత్తపుణ్యానికి ఎవరూ రుజువు తెచ్చి ఎదుటివాళ్ల చేతిలో పెట్టరు.

"నీ దగ్గరే ఉంచుకో" అన్నాను.

"లేదు మేడమ్, ఉంచుకుని తీరిగ్గా చూడండి. గురువారం వచ్చి తీసుకెళ్తాను."

"అంత నమ్మకమా?"

"మీది దొంగల ఇల్లు కాదు కదా" అని చెప్పులు తొడుక్కుంది.

మాది గోదావరి కాలవ పక్కన, చర్చి కాంపౌండుకు ఆనుకుని ఉన్న రెండంతస్తుల ఇల్లు. కింద పొడుగాటి హాలు ఉండేది. దాన్ని కుట్టుగది అనేవాళ్లం. మిషన్ దొరసానులు మొదలుపెట్టిన పనిని మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, తన చేతుల్లోకి తీసుకుంది. ముప్ఫై మంది ఆడవాళ్లు పొద్దున్న ప్రార్థనకు వచ్చి సాయంత్రం దాకా కుట్టేవాళ్లు. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, చేతిరుమాళ్లు పెట్టెల్లో సర్దుకుని ఓడలెక్కేవి. మా ఇంటి పేరు విన్నాక బేరం ఆడిన వ్యాపారి లేడని మామ్మ అనేది. నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆ మాట నమ్మి పెరిగిన పిల్లకు వెన్ను వంగదు. నాకు ఇప్పటికీ వంగదు.

మామ్మ ఎవరినీ నమ్మేది కాదు. పనివాళ్లు రాగానే కుంకుడు రసంతో చేతులు కడుక్కుని వరసగా చాపితే, ఒక్కొక్క అరచేతినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. చేపల వాసన వస్తే మళ్లీ కడగాలి. తలకు నూనె రాసుకున్నవాళ్లకు ఆ రోజు తెల్లగుడ్డ లేదు. సూదులు గుడ్డపట్టీకి గుచ్చి ఇచ్చేది, సాయంత్రం అదే పట్టీ మీద అన్నీ తిరిగి కనబడాలి. ఒక సూది తగ్గితే ఎవరూ గుమ్మం దాటకూడదు. చాపలు దులిపించేది, చీర కుచ్చిళ్లు విదిలించమనేది. అయస్కాంతం పట్టుకుని నేల మీద పాకే పని నాది. ఆ పని అంటే నాకు ఎంతో గర్వం. ఆ ఆడవాళ్ల పాదాల మధ్య పాకుతూ, వీళ్లలో ఎవరు దాచారా అని మొహాలు చూసేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు అది ఆటలా ఉండేది. వాళ్లకు ఎలా ఉండేదో అప్పుడు ఆలోచించలేదు.

గంజి వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె వాసన, బీరువాలో కలరా ఉండల వాసన, ఈ మూడూ కలిస్తే నాకు మామ్మే. కుట్టు పూర్తయిన గుడ్డను ముందు వైపు ఎప్పుడూ చూసేది కాదు. తీసుకోగానే తిరగేసేది. "ముందువైపు అందరికీ కుట్టడం వచ్చు" అనేది. వెనక ముడి కనబడితే ఆ పువ్వంతా విప్పాలి. ఒక దారం రంగు తేడా వచ్చినా, ఒక ఆకు వంకర పోయినా విప్పాలి. ఏడ్చినా విప్పాలి. విప్పాక గుడ్డ మీద సూది దారి కనబడకూడదు. ముప్ఫై మందీ అలా తయారైనవాళ్లే.

ఆ ఇంట్లో అన్నిటికంటే పై వస్తువు తుర్కీ గుడ్డ. మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రాలో కాంపౌండరుగా ఉన్నప్పుడు, ఒక తుర్కీ ఇంటి ఇల్లాలికి వైద్యం చేస్తే ఆవిడ ఇచ్చిందట. మా ఇంట్లో చెప్పేటప్పటికి ఆ ఇల్లాలు సుల్తాను చుట్టమైంది. పొడుగాటి సన్నటి గుడ్డ, మధ్యంతా ఖాళీ, రెండు చివరలా మాత్రం పూలు. ఎర్ర, నీలం, లేత ఆకుపచ్చ పట్టు, మధ్యమధ్య బంగారు తీగ. ఆ పూలు మా వాళ్లెవరూ చూసినవి కావు. కుట్టుగదిలో ఒకదాన్ని కలువమొగ్గ అనేవాళ్లు, అంచులు చీలి విప్పారినదాన్ని విసనకర్ర పువ్వు అనేవాళ్లు. తులిప్ అనీ కార్నేషన్ అనీ నేను నర్సింగు చదువుకి వెళ్లాక తెలుసుకున్నాను. ఆ గుడ్డకు వెనక వైపు లేదు. ఎటు తిప్పినా అదే పువ్వు, అదే తీరు, ఒక్క ముడి లేదు. మామ్మ దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేది. తాళంచెవి నాన్నగారి ఆఫీసు గదిలో మేకుకు ఉండేది. నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనకు మాత్రం ఆ గుడ్డ చర్చికి వెళ్లేది. రొట్టె, ద్రాక్షారసం మీద దాన్నే కప్పేవాళ్లు. పాస్టరు అయ్యగారు రెండు చేతులతో ఆ గుడ్డ తీస్తుంటే ముందు వరసలో మేము నిటారుగా కూర్చునేవాళ్లం.

అందులో ఒక లోపం ఉండేది. ఒక చివర, విసనకర్ర పువ్వు కింద ఆకు ఒకటి ఆకుపచ్చగా మొదలై సగం నుంచి నీలంగా ఉండేది.

"ఎందుకలా ఉంది మామ్మా?" అని ఒకసారి అడిగాను.

"దారం అయిపోయి ఉంటుంది. సుల్తాను ఇంట్లో మాత్రం దారం అయిపోదా?"

దాన్ని ఉతికి గంజి పెట్టే పని ఒక్క శాంతమ్మకే ఇచ్చేవాళ్లు. అందరిలోకీ మంచి చేయి ఆమెది. నల్లగా, సన్నగా, మాట తక్కువ. ఆ రోజు తలెత్తి, "నా చేతికిస్తే విప్పి సరిచేసేద్దును పాపగారూ. అది చూస్తుంటే నా చేతులు దురదపెడతన్నాయి" అంది.

"దాన్ని ముట్టావంటే ఆ చేతులు విరిచి కాలవలో వేస్తాను" అంది మామ్మ.

"వేస్తే మటుకు ఏముంది అమ్మగారూ, చేపలు కుట్టుపని నేర్చుకుంటాయి" అంది శాంతమ్మ. గది గదంతా నవ్వింది. మామ్మ కూడా పెదవి బిగించి నవ్వింది.

ఆ యేడు పునరుత్థాన పండగకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో శాంతమ్మ కుట్టుగదిలో కూర్చోలేదు. నాన్నగారి ఆఫీసు గదిలో తలుపు మూసి కుట్టేది. విదేశీ దొరసాని ఒకావిడ ప్రత్యేకంగా ఆర్డరు ఇచ్చిందనీ, డిజైను బయటపడకూడదనీ నాన్నగారు చెప్పారు. మామ్మకు అప్పటికి మోకాళ్ల నొప్పి, ఆ చివరి గది దాకా వచ్చేది కాదు. అనుమానం నాకే. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లి తలుపు తోస్తే, నాన్నగారు గ్లాసు మాత్రం లోపలికి తీసుకుని నన్ను బయటే ఉంచారు. ఎప్పుడూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉత్తరాలు చదివి వినిపించే మనిషి. ఆ గదిలో శాంతమ్మ ఏదో చేస్తోందని, నాన్నగారిని మోసం చేస్తోందని నాకు గట్టిగా అనిపించింది. అనుమానం ఎప్పుడూ కింద కూర్చున్న మనిషి మీదికే వెళ్తుంది. మా ఇంట్లో నేర్పింది అదే.

పునరుత్థాన పండగ దాటాక వచ్చిన బల్ల ఆదివారం, మామ్మ తుర్కీ గుడ్డను బీరువాలోంచి తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఒక వైపు చూసింది. తిరగేసి చూసింది. అలాగే నిలబడిపోయింది. తర్వాత నాన్నగారినీ శాంతమ్మనూ పిలిపించి తలుపు వేసుకుంది. బయట నాకు మామ్మ గొంతు ఒక్కటే వినబడింది. "ఎక్కడ పెట్టావే అది? ఎక్కడ పెట్టావు?" అనే మాటే మళ్లీ మళ్లీ. నాన్నగారి గొంతు వినబడలేదు. శాంతమ్మ గొంతూ వినబడలేదు. కాసేపటికి శాంతమ్మ బయటికి వచ్చింది. పనివాళ్లు వెళ్లే వెనక తలుపు వైపు కాదు, వీధి తలుపు వైపు నడిచింది. కొంగు కింద ఏదో ఉంది. తెల్లటి అంచు కనబడింది. నా పక్కనుంచి వెళ్తూ, "పాపగారూ" అని ఆగి, వెళ్లిపోయింది. తుర్కీ గుడ్డను శాంతమ్మ దొంగిలించింది అని మామ్మ ఇంట్లో అందరికీ చెప్పింది. ఊరు అంతా అదే చెప్పుకుంది. నేను కళ్లారా చూశానని నేనూ చెప్పాను. చిన్నపిల్ల అబద్ధం ఆడదని అందరూ అన్నారు.

తర్వాత మా ఇల్లు ఎలా దిగిందో పొడిగించి రాయను. కుట్టుమిషన్లు వచ్చాయి, పెట్టెలు ఓడలెక్కడం మానేశాయి. మామ్మ పోయింది. కుట్టుగదిని ట్యూషన్ల మాస్టారికి అద్దెకిచ్చారు, తర్వాత ఇల్లే చేతులు మారింది. శాంతమ్మ ఆ తర్వాత ఏ ఇంట్లోనూ కుట్టలేదట. ఎవరూ పిలవలేదు. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్లేదని విన్నాను. విన్నప్పుడు, తగిన శాస్తే అనుకున్నాను.

సువార్త సంచి నా సోఫా మీద రెండు రోజులు ఉంది. మూడోరోజు దాన్ని తీసుకుని కింది ఫ్లాట్‌కి వెళ్లాను. అక్కడ నెర్మిన్ అనే తుర్కీ ఆవిడ ఉంటుంది, భర్త రోడ్ల కంపెనీలో ఇంజినీరు. నాకు కావలసింది సాక్ష్యం. ఇది అసలైన తుర్కీ పని అని ఆ దేశపు మనిషి నోట అనిపించుకుంటే, గురువారం సువార్తతో ఏం మాట్లాడాలో నాకు తెలుస్తుంది. నెర్మిన్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, గుడ్డను భోజనాల బల్ల మీద పరిచింది. అటు చూసింది, ఇటు తిరగేసింది.

"ఎంత మంచి చేయి!" అంది. "ఎవరు కుట్టారు?"

"మీ దేశంలో కుట్టింది. పాతది."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పూలు మావి. ఒట్టోమాన్ కాలపు ఇళ్లలో ఆడపిల్లలు పెళ్లికి ముందు ఇవే కుట్టుకునేవాళ్లు. కానీ ఈ గుడ్డ మాది కాదు, మాది నార బట్ట. ఇది నూలు. దారమూ పట్టు కాదు. ఈ జరీ మీ చీరల్లో ఉండేదే. ఎవరో అసలుదాన్ని ఎదురుగా పెట్టుకుని కుట్టారు."

ఆమెకు ఏం తెలుసని అనుకున్నాను. సిటీలో పెరిగిన మనిషి. ఆమె మాత్రం గుడ్డ మీద చెయ్యి వేసి నిమురుతూ, వాళ్ల అమ్మమ్మ దగ్గర ఇలాంటివి డజను ఉండేవని చెప్పింది. భోజనం అయ్యాక అతిథి చేతుల మీద నీళ్లు పోసి, తుడుచుకోవడానికి ఇచ్చేవాళ్లట.

"చేతులు తుడుచుకోవడానికా?"

"చేతులు, మూతి. మీరు దేనికి వాడేవాళ్లు?"

"బల్ల మీద వేసేవాళ్లం" అన్నాను. ఏ బల్లో చెప్పలేదు. ఆమె నవ్విందేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు. మా అయ్యగారు, ముందు వరసలో మా వెన్నులు, ఆ గుడ్డ తీసేటప్పుడు చర్చిలో పడే నిశ్శబ్దం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఎవరింటి చేతులు తుడిచే గుడ్డనో అంత ఎత్తున పెట్టుకున్నాం.

ఆమె మాట తప్పని చూపించడానికి నా దగ్గర ఒక్క దారి ఉంది. విసనకర్ర పువ్వు కింద ఆకు వెతికాను. దొరికింది. మొదలు నుంచి కొస దాకా ఆకుపచ్చ. గుడ్డ తిప్పాను. ఆకుపచ్చ. రెండో చివర చూశాను. ఎక్కడా నీలం లేదు.

ఆ గదిలో, ఆ నలభై రోజులూ, అసలు గుడ్డ ఎదురుగా ఉంటేనే ఇది పుట్టగలదు. బీరువా తాళంచెవి నాన్నగారి మేకుకు ఉండేది. తలుపు నాన్నగారు మూశారు. గ్లాసు నాన్నగారు అందుకున్నారు. అసలుదాన్ని అమ్ముకుని, దాని చోట పెట్టడానికి ఈ నకలు కుట్టించింది ఆయనే. శాంతమ్మ ఆకు ఆకూ, పువ్వు పువ్వూ అచ్చంగా దించింది. ఆ ఒక్క ఆకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పును తప్పుగా కుట్టడం ఆమె చేతికి రాలేదు. మా మామ్మ ముప్ఫై మందికీ అన్నీ నేర్పింది గానీ, లోపాన్ని చూసి వదిలెయ్యడం నేర్పలేదు. ఆ సరిచేసిన ఆకును బట్టే మామ్మ పట్టుకుంది. పట్టుకుని, నకలును ఆమె మొహాన కొట్టి పంపింది. కొంగు కింద నేను చూసిన తెల్లటి అంచు ఇదే.

గురువారం సాయంత్రం సువార్త వచ్చింది. ఈసారి కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"నీకు ముందే తెలుసా?"

"అమ్మ చెప్పింది మేడమ్. సంగతి తెలిస్తే మీ మామ్మగారి ప్రాణం పోతుందని మీ నాన్నగారు అమ్మ చేత బైబిలు మీద చెయ్యి వేయించారట. అమ్మ మాట తప్పే మనిషి కాదు."

"ఇన్నేళ్లు ఎందుకు రాలేదు?"

"వస్తే నమ్మేవారా?"

"లేదు" అన్నాను. అబద్ధం ఎందుకు?

"మరి నీకేం కావాలి? తాళమేనా?" అని నేనే మళ్లీ అడిగాను.

"తాళం మీరే మెడలో వేసుకోండి" అంది, మొదటిసారి గొంతు పెంచి. "నాకు తాళం ఎందుకండీ? మా అమ్మను సమాజంలో దొంగన్నారు. ఆ సమాజంలోనే కాదనండి."

గుడ్డ మడిచి ఆమె చేతికిచ్చాను. ఆమె మడత విప్పి, అంచులన్నీ చూసుకుని, మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది. నా ఎదురుగానే చూసుకుంది. నాకు కోపం రావాలి. రాలేదు.

ఆ రోజుల్లో అనుమానానికి మనుషులే కళ్లు, ముక్కులు. ఇప్పుడు మా ఆసుపత్రిలో మందుల గదికి కెమెరా ఉంది, లోపలికి వెళ్లాలంటే కార్డు గీకాలి, ఎవరు ఏ నిమిషాన తలుపు తీశారో కంప్యూటరు చెబుతుంది. ఎవరి అరచేతులూ వాసన చూడక్కర్లేదు. ఇది మర్యాదైన పద్ధతి అని కొత్త నర్సులకు నేనే చెబుతుంటాను. కానీ నాన్నగారి గదికి కెమెరా పెట్టినా మామ్మ దాంట్లో చూసేది కాదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అటు తిరిగి చూస్తే కూలేది ఆ ఇల్లే. అసలామెకు తెలియదా అని కూడా అనుమానం వస్తోంది. కిటికీ దగ్గర అంతసేపు ఎందుకు నిలబడింది? కొడుకును ఒక్క ప్రశ్నా ఎందుకు అడగలేదు? ఇక్కడ మత్రా సూక్ బజారులో యాత్రికుల కోసం ఇవే తులిప్ పూలతో మిషను తువ్వాళ్లు దొంతర్లుగా పెడతారు. నేను ఎప్పుడూ వాటిని తిరగేసి చూసి, వెనక దారాల చిక్కు చూసి, పెదవి విరిచి వచ్చేదాన్ని. మా ఇంటి వెనక వైపును మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తిప్పి చూడలేదు.

శుక్రవారం ఆరాధన అయ్యాక సమాజం కూడింది. కుర్చీలు గుండ్రంగా వేశారు. టీ ఫ్లాస్కు తిరుగుతోంది. ఒకావిడ పక్కావిడతో బతాకా, అదే రెసిడెంటు కార్డు, రెన్యువలు సంగతి చెబుతోంది. సువార్త తలుపు దగ్గర కూర్చుంది. నేను మాట్లాడాలి అనగానే అందరూ సర్దుకున్నారు. నేను మాట్లాడితే ఎవరికో మూడుతుందని వాళ్లకు అలవాటు. రాత్రంతా కూర్చుని ఒక వాక్యం తయారు చేసుకున్నాను. దాన్నే చెప్పాను.

"శాంతమ్మగారి గురించి నేను అన్న మాట తప్పు. ఆవిడ మా ఇంట్లో ఏమీ దొంగిలించలేదు. ఆ గుడ్డ ఆవిడకు తెలియని చోటికి అమ్ముడుపోయింది. నన్ను క్షమించండి."

నిటారుగానే నిలబడి చెప్పాను. ఒకరిద్దరు "ఆమెన్" అన్నారు. సెక్రటరీ "మంచిది సిస్టర్, దేవునికి స్తోత్రం" అని తర్వాతి సంగతికి వెళ్లడానికి పుస్తకం తిప్పింది. నేను కూర్చోబోతున్నాను.

సువార్త లేచింది.

"ఎవరు అమ్మారు మేడమ్?"

సెక్రటరీ, "పోనీలేమ్మా, పెద్దావిడ క్షమించమన్నారు కదా" అంది. సువార్త ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నల్లగా, సన్నగా, మాట తక్కువ. నాన్నగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉత్తరాలు చదివేవారు. నా జడకు రిబ్బను ఆయనే కట్టేవారు. ఆయన పేరు ఇంకా మిగిలింది నా ఒక్కదానిలోనే.

"మా నాన్నగారు" అన్నాను. అక్కడితో ఆపితే ఆమె మళ్లీ అడుగుతుందని తెలిసింది. "మా నాన్నగారు అమ్మారు. అమ్మి, నేరం మీ అమ్మ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారు."

సువార్త ఇంకాసేపు నిలబడే ఉంది. తర్వాత కూర్చుంది.